ఏడు ఒకట్లు

నిజామాబాదు
14 ఆగస్టు 1938

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లె గోదావరికి అన్న మార్కండేయ దీవించి రాసేది. ఇక్కడ అవ్వ, మీ వదినె శ్యామలమ్మ, నేను బాగానే ఉన్నాం. వాన పడితే అవ్వకు మోకాళ్ళు నొస్తాయి, మోకాళ్ళు నొస్తే కన్నకొడుకునని కూడా చూడదు, నా మీద కోపం వస్తుంది. ఈసారి వానలు బాగా పడ్డాయి.

సంగతి ఏమంటే, పుష్యంలో బాపు సంవత్సరీకం వస్తుంది కదా. ఆ రోజు బాపు బడి నడిపిన గది గోడకు ఒక రాయి పెట్టించాలనుకున్నాను. పైన ఆయన పేరు, కింద ఆయన సంఖ్య. 11,11,111. ఏడు ఒకట్లు. ఊళ్ళో ఆయనను సిద్దిరాములు అని పిలిచినవాడెవడు? అందరికీ ఒకట్ల పంతులే. మగ్గం గుంటలో కూర్చోవలసిన మనిషి లెక్కల పంతులై, ఈ సంఖ్య పగలనిదని, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుందని తేల్చాడు. అందుకే ఆనాటి ఇన్‌స్పెక్టర్ సాబు బడికి వచ్చి శాలువ కప్పాడు. అప్పటికి నాకు నాలుగేళ్ళు, నువ్వు పుట్టలేదు. రాయి తెర తీయడానికి ఇప్పటి ఇన్‌స్పెక్టర్ సాబు వస్తానన్నాడు.

మా బడిలో దశరథం అని ఒక పంతులున్నాడు. నోరు ఊరుకోదు. "సంఖ్య పగలదని మీ నాయిన జెప్పిండు, మీరు జెప్తున్నరు. బయటోళ్లు ఎవలన్న సూసిండ్రా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రెండో మనిషి సాక్ష్యం కావాలంటే నీకంటే నమ్మకమైనవాళ్ళు నాకెవరున్నారు?

బాపు పుస్తకంలోని పగలని సంఖ్యల జాబితా వెంట పంపుతున్నాను. చిన్నప్పుడు ఆయన చదువుతుంటే నేను రాసుకున్న నకలు. 2 మొదలు 1051 దాకా నూట డెబ్భై ఆరు. పెద్ద అంకెతో శేషం లేకుండా పోయేదైతే దాని ముక్కలతోనూ పోవాలి కనుక పగలనివాటితో చూస్తే చాలు. 1054ను 1054తో హెచ్చిస్తే 11,10,916. పగిలితే ఒక ముక్క అంతలోపలే దొరకాలి, ఆపైన చూసే పని లేదు. ఒక్కొక్కదానితో భాగించు, శేషం రాసి పంపు. నేను అన్నీ చేశాను. ఒక్కటీ పోలేదు.

బావగారికి నమస్కారాలు.
నీ అన్న,
మార్కండేయ

బోధన్
2 సెప్టెంబరు 1938

అన్నకు గోదావరి దండాలు. అవ్వ మోకాళ్ళకు వావిలాకు వేడిచేసి కట్టమని వదినెకు చెప్పు. కోపం తగ్గించే ఆకు దొరికితే నేనే పంపుతాను.

నూట డెబ్భై ఆరు భాగహారాలా అన్నా? నీకు బడి, గంట, కుర్చీ ఉన్నాయి. నాకు పొయ్యి ఉంది. మీ బావకు చక్కెర కార్ఖానాలో చెరకు తూచే కాంటా దగ్గర పని దొరికిందని రాశాను కదా. పాడైన కాంటా చిట్టీలు తెచ్చిస్తున్నారు, వాటి వెనక చేస్తున్నాను. ఇప్పటికి ఇరవై అయ్యాయి. 29తో 5 మిగిలింది. 43తో 34 మిగిలింది. అన్నం గంజి వారుస్తుంటే శేషాలు, బట్టలు పిండుతుంటే శేషాలు. నిన్న మీ బావ పప్పులో ఉప్పెంత వేశావని అడిగితే ముప్పై నాలుగు అన్నాను.

నాకు ఓపిక తక్కువని నీకు ఎరుకే. ఏదో అడ్డదారి ఉంటుందని మనసు పీకుతోంది. ఐదు ఒకట్లు తీసుకుని చూశాను. 11,111 పగిలింది. 41 ఇంటూ 271. 41లోంచి ఒకటి తీస్తే 40. 271లోంచి ఒకటి తీస్తే 270. రెండింటినీ ఐదు సమంగా కొలుస్తుంది. ఇది ఊరికే జరిగిందా? నువ్వు పంతులువి, చెప్పు.

గోదావరి

నిజామాబాదు
12 సెప్టెంబరు 1938

చెల్లెకు,

ఊరికే జరిగింది. అడ్డదారులు వెతకకు. బాపు అడ్డదారిన పోలేదు, అందుకే శాలువ వచ్చింది. నిన్ను అడిగింది భాగించమని, ఆలోచించమని కాదు.

రాయి వచ్చింది. నల్లరాయి, మంచి నునుపు. చెక్కడానికి పోశన్నను మాట్లాడాను. "ఏడు గీతలే గదా పంతులూ, గింత అల్క పని నాకెవలియ్యలే" అని నవ్వాడు. దసరా కాగానే మొదలుపెడతాడు. నీ శేషాలు అంతలోపల పంపు.

మార్కండేయ

బోధన్
9 అక్టోబరు 1938

అన్నకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. నాలుగోసారి ఇది.

నువ్వు వద్దన్నా అడ్డదారిన పోయాను. కోప్పడేది చివర కోప్పడు, ముందు విను. ఒకటి పక్కన సున్న పెట్టి 41తో భాగించాను. శేషం పక్కన మళ్ళీ సున్న పెట్టి భాగించాను. శేషాలు వరుసగా 10, 18, 16, 37, ఆ తర్వాత 1. గానుగెద్దు తిరిగినట్టు ఐదో అడుగుకు మొదటికే వచ్చింది. ఐదు ఒకట్లను పగలగొట్టే అంకె ఐదు అడుగుల్లో తిరిగి రావాలి. అట్లా తిరిగే చుట్టు, అంకెలోంచి ఒకటి తీస్తే మిగిలేదాన్ని సమంగా కొలుస్తుంది. ఎందుకని అడిగితే నాకు తెలియదు. మూడు ఒకట్ల దగ్గర 37 ఈ మాట విన్నది, 3 మాత్రం వినలేదు. మిగతా నేను చూసినవన్నీ విన్నాయి.

అట్లయితే ఏడు ఒకట్లకు ఏడు అడుగులు. ఒకటి తీస్తే ఏడుతో పోయే పగలని అంకెలు చాలు. జాబితా పక్కన పెట్టి నేనే ఏడేడు కూడుకుంటూ ఏరుకున్నాను. 29, 43, 71, 113, 127, 197, 211. పోలేదు. ఆ తర్వాతది 239.

239తో పోయింది అన్నా. శేషం 10, 100, 44, 201, 98, 24, 1. ఏడో అడుగుకు మొదటికి వచ్చింది. నేరుగా భాగించాను, 4649 వచ్చింది, సున్న మిగిలింది.

తర్వాత నీ జాబితా తీశాను. 233 ఉంది, దాని కింద 241 ఉంది. 239 లేదు. చిన్నప్పుడు రాసుకునేటప్పుడు నీ చేతి నుంచి జారిపోయి ఉంటుంది. పోశన్నను ఆపు. రాయి మీద వేరే ఏదన్నా రాద్దాం. బాపు గురించి రాయడానికి ఇంకేం లేదా?

నాకు సంతోషం కాలేదు. అది కూడా నమ్ము.

గోదావరి

నిజామాబాదు
20 అక్టోబరు 1938

గోదావరికి,

నా నకలులో జారిపోయిందా? బాపు చదువుతుంటే నేను రాశాను, రాసింది ఆయనకు తిరిగి చదివి వినిపించాను. ఒక అంకె జారితే చెవి ఎంత ఎర్రగా అయ్యేదో నా చెవినడుగు.

లెక్క ప్రకారమే మాట్లాడుకుందాం. 239 జాబితాలో లేదంటే అది పగిలేది. పగిలేదైతే దాని ముక్కలు జాబితాలో ఉండాలి. అన్నింటితోనూ నేను భాగించాను, పోలేదు. కనుక 239తో కూడా పోదు. కనుక నీ భాగహారం తప్పు. చిట్టీల వెనక, పొయ్యి ముందు చేస్తే తప్పే వస్తుంది.

ఇంకో మాట రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆగాను. పదకొండో ఏట బాపు నిన్ను బడి మాన్పించాడని నీకు ఇంకా పగ ఉన్నట్టుంది. పోయిన మనిషి మీద తీర్చుకోకు.

మార్కండేయ

బోధన్
6 నవంబరు 1938

అన్నకు,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. "మీ అన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నువ్వు నాలుగోది సూపిస్తే గది తోక అంటడు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

239 పగిలేదంటున్నావు. పగలగొట్టు. 2, 3, 5, 7, 11, 13. ఆరు అంకెలతో తేలిపోతుంది. రెండో తరగతి పిల్లలతో చేయించు. అదీ వద్దంటే ఇది చూడు.

4649 తొమ్మిదులు 41,841.
4649 ముప్పైలు 1,39,470.
4649 రెండువందలు 9,29,800.
కూడు.

మూడు వరుసలు అన్నా! నూట డెబ్భై ఆరు భాగహారాలు చేసినవాడికి మూడు వరుసలు బరువా?

పగ అన్నావు. బడి మాన్పించినందుకు ఏడ్చాను, నిజమే. కానీ భాగించుమని నన్నడిగింది నువ్వు. వచ్చింది వచ్చినట్టు చెప్పాను. నేను నీ నకలును అన్నాను, నువ్వు బాపును అన్నట్టు తీసుకున్నావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నది నువ్వే.

కార్ఖానాకు చెరకు రావడం మొదలైంది. కోటగిరి, వర్ని దిక్కు నుంచి బండ్లు మా వాకిలి దాకా వరుస కడుతున్నాయి. ఎడ్లు కదలవు, బండ్లవాళ్ళు కదలరు. నేనూ ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరుగుతున్నాను. ఆ సంఖ్యే రాయి మీద ఉంటే నేను సంవత్సరీకానికి రాను. అబద్ధం ముందర దండం పెట్టలేను.

గోదావరి

నిజామాబాదు
27 నవంబరు 1938

గోదావరికి,

రాకుంటే నీ ఇష్టం. పోశన్న చెక్కేశాడు. ఏడూ లోతుగా, తీరుగా వచ్చాయి.

నిన్న దశరథం "మీ చెల్లె లెక్క యాడిదాక అచ్చింది?" అని అడిగాడు. వానికి నువ్వు రాశావా? ఇంటి గుట్టు బజారున పెట్టడానికి నీకు మనసెట్లా వచ్చింది?

నాకు అన్నం సహించడం లేదు. బడిలో ఎక్కాలు చెప్పిస్తూ మధ్యలో మరిచిపోతున్నాను. ఈ లెక్క గురించి ఇంక నాకు రాయకు.

మార్కండేయ

బోధన్
3 డిసెంబరు 1938

దశరథం నల్లగుంటాడో ఎర్రగుంటాడో నాకు తెలియదు. సాక్ష్యం చెల్లె చెబుతుందని వానితో గొప్పగా చెప్పింది నువ్వే అయ్యుంటావు, గుర్తు చేసుకో. రాయవద్దన్నావు కదా, ఇదే చివరిది.

గోదావరి

నిజామాబాదు
28 డిసెంబరు 1938

చెల్లె గోదావరికి,

దశరథంతో చెప్పింది నేనే. ఆగస్టులోనే చెప్పాను. అది చిన్న తప్పు. పెద్దది ఇప్పుడు రాస్తున్నాను. పూర్తిగా చదివి అప్పుడు తిట్టు.

239 అని నువ్వు రాసిన ఉత్తరం వచ్చిన రోజే నేను హెచ్చించాను. దాని వెనకే, నువ్వు తర్వాత రాసిన ఆ మూడు వరుసలే. కూడితే ఏడు ఒకట్లు వరుసగా వచ్చి నిలబడ్డాయి. ఆ కాగితం చింపి పొయ్యిలో వేశాను. తర్వాత కూర్చుని నీ భాగహారం తప్పని రాశాను. పగ అని రాశాను. పిల్లలు పక్కవాని పలకలోకి చూస్తే బెత్తం తీసే మనిషిని నేను.

అబద్ధం ఆడి ఊరుకుంటే కుదురుగా ఉండవచ్చనుకున్నాను. కుదరలేదు. తప్పు నా నకలుదైతే బాపు మీద మాట రాదని ఆశపడి, మొన్న ఆయన పుస్తకం తీశాను. పెద్దలు పోయాక వాళ్ళ పుస్తకం మనం దసరాకు పూజలో పెడతాం, పసుపు కుంకుమ వేస్తాం, తెరవం, కలం పెట్టం. అందుకే ఇన్నాళ్ళు చూడలేదు. తెరిచాను. 233కూ 241కీ నడుమ ఒక అంకె పట్టేంత ఖాళీ ఉంది. అక్కడ కాగితం పలచబడింది. వెలుతురుకు పెట్టి చూస్తే చాకుతో గీకిన గీతలు కనబడ్డాయి.

అవ్వను అడిగాను. మోకాళ్ళ కట్టు విప్పి మళ్ళీ కట్టుకుంది. తర్వాత చెప్పింది.

"శాలువ కప్పిన యాడాదికి, గోదావరి కడుపుల ఉండె నాకు. రెండు దినాలు బువ్వ తినలే మీ బాపు. ఏమైందంటే లెక్క తప్పిన అన్నడు. తప్పితే దిద్దుకోరాదు అన్న. గట్లయితే శాలువ వాపస్ ఇయ్యాలె గద అన్నడు. గప్పుడే చాకు తీసి గీకిండు. మల్ల ఎన్నడు గా శాలువ కప్పుకోలే. నాకు సదువు రాదు, ఏం గీకిండో నేనేం జెప్పుదు?"

ఆయనకు తెలుసు గోదావరీ. ముప్పై ఏళ్ళు తెలుసు. ఆ గీకిన పుస్తకమే నాకు చదివి రాయించాడు. తప్పు చదివితే నా చెవి మెలిపెట్టాడు. నాకు ఆయన మీద ఎంత కోపం వస్తుందో చెప్పలేను. ఆ రాయి పగలగొట్టించి, సంవత్సరీకం నాడు అందరి ముందర ఒకట్ల పంతులు దొంగ అని చెప్పాలనిపిస్తోంది. అంతలోనే నేను చేసిందేమిటని గుర్తొస్తుంది. ఆయన ఒక అంకె గీకాడు, నేను నిన్ను గీకేశాను.

ఏం చెయ్యమంటావో చెప్పు. పద్నాలుగు రోజులే ఉన్నాయి.

మార్కండేయ

బోధన్
3 జనవరి 1939

అన్నకు గోదావరి దండాలు.

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను. రెండు చిట్టీలు తిట్లే రాశాను, బాగా వచ్చాయి. అవి పంపడం లేదు. పొయ్యి ముందర చేసే లెక్క తప్పన్నావే, ఆ ఒక్క మాటకు మాత్రం నువ్వు ఎదురుగా ఉంటే గరిటె విసిరేదాన్ని.

బాపును దొంగ అనకు. నాకే ఆశ్చర్యంగా ఉంది ఈ మాట రాస్తుంటే. రాయి మీద సంఖ్య వద్దని కొట్లాడింది నేనే కదా. కానీ నీ ఉత్తరం చదివిన కాడి నుంచి ఆయన ఒక్కడే కూర్చుని గీకడం కళ్ళ ముందర కనిపిస్తోంది. పక్కన ఒక్క మనిషికి చెప్పుకుంటే అయిపోయేది. అవ్వకు లెక్క రాదు. నీకు చెబితే నువ్వు నమ్మవు. నేను పుట్టనే లేదు.

ఆయనకు తెలియని మాట ఒకటుంది, లేకపోతే తెలిసీ ధైర్యం రాలేదో. ఏడు ఒకట్లు పగిలితే వచ్చినవి రెండు ముక్కలు, 239, 4649. 239 పగలదు. 4649ను నేను 67 దాకా అన్నింటితో చూశాను, అదీ పగలదు. ఒకటి పోతే రెండు వచ్చాయి. అది పరువు పోవడం ఎట్లా అవుతుంది? శాలువ కప్పినాయన వింటే ఇంకో శాలువ కప్పేవాడు.

రాయి పగలగొట్టకు. దాచిపెట్టకు కూడా. ఏం చెప్పాలో నీకు తెలుసు. నేను మాత్రం రాను. ఈసారి కోపంతో కాదు. నేను ఎదురుగా కూర్చుంటే నా మొహం చూసి చెబుతావు. నా మొహం లేకుండా చెప్పు. మీ బావను పంపుతున్నాను, కాంటా దగ్గర రెండు రోజులు సెలవు దొరికింది.

గోదావరి

నిజామాబాదు
12 జనవరి 1939

చెల్లె గోదావరికి అన్న రాసేది.

నిన్న అయింది. పోశన్నను పిలిచి ఏడు ఒకట్ల కింద ఇంకో వరుస చెక్కించాను. 239 × 4649. "పంతులూ, ఏడు గీతలని జెప్పి గిప్పుడు గిన్ని వంకరలు పెడుతున్నవు" అని గొణిగాడు గానీ తీరుగా చెక్కాడు.

ఇన్‌స్పెక్టర్ సాబు తెర తీశాడు. ఇదేమిటని అడిగాడు. నేను మాట్లాడదామని వారం నుంచి కూడబెట్టుకున్నదంతా పోయింది. మా బాపు ఈ సంఖ్య పగలదని చెప్పాడు, తప్పు చెప్పాడు అన్నాను. తర్వాత తెలుసుకున్నాడు, చెప్పలేకపోయాడు అన్నాను. మూడు నెలల కింద నాకు తెలిసింది, నేనూ దాచాను అన్నాను. పగలగొట్టింది ఆయన బిడ్డ, బోధన్‌లో ఉంటుంది అన్నాను. 

దశరథం లేచాడు. ఇంక అయిపోయింది, నవ్వుతాడు అనుకున్నాను. వాడు సుద్ద తీసుకుని, రాయి మీద చూసి హెచ్చిస్తూ, బోర్డు మీద నీ మూడు వరుసలే పెద్దగా చదువుతూ రాశాడు. కూడి, ఏడు ఒకట్లు వరుసగా పడంగనే "అబ్బ, ఎంత సక్కగ అచ్చినయి" అన్నాడు. పోయేటప్పుడు సాబు ఆ బోర్డు తుడవవద్దని చెప్పిపోయాడు. నా గురించి ఏమి రాసుకున్నాడో తెలియదు. ఏదైనా పడతాను.

ఇంటికి వచ్చాక పుస్తకం తీశాను. ఆ ఖాళీలో 239 రాసేద్దామని కలం సిరాలో ముంచాను. అవ్వ ఎప్పుడు వచ్చి నిలబడిందో, నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు గాదురా. నువ్వు ఆయన ఏది జెప్తె గది రాసుకున్నవు. గిది ఎవల్ జెప్పంగ దొర్కలే. బిడ్డతోని రాయిపియ్యి" అన్నది.

అందుకని పుస్తకం బావగారి చేతికి ఇచ్చి పంపుతున్నాను. పసుపు గుడ్డలో కట్టింది అవ్వ. మంచుకు తడవనియ్యకండి.

మార్కండేయ

బోధన్
19 జనవరి 1939

అన్నకు,

పుస్తకం వచ్చి వారమైంది. మొదటి ఆరు రోజులు గుడ్డ విప్పలేదు. బాపు బతికి ఉన్నప్పుడు దీన్ని నేను ఊడ్చేటప్పుడు జరపడానికి తప్ప ముట్టలేదు. ఆడపిల్ల చేతిలో పాడవుతుందనేవాడు. మీ బావ చూసి చూసి, "ఆయన మెచ్చుకుంటడని రాస్తవా, నిజమని రాస్తవా?" అన్నారు.

ఈ పొద్దు కూర్చున్నాను. కాగితం అక్కడ ఎంత పలచగా ఉందంటే గట్టిగా వత్తితే చిరిగేది. నెమ్మదిగా రాశాను. 239. తొమ్మిది తోక కొంచెం వంకర పోయింది.

బాపు బతికి ఉంటే ఈ పుస్తకం నా చేతికిచ్చేవాడా అని నన్ను నేను అడుగుకున్నాను అన్నా. ఇచ్చేవాడు కాదు. అది నాకు ఎరుకే. ఆయన పోయిన రోజు అందరూ ఏడుస్తుంటే నాకు ఒక్క చుక్క రాలేదు, నువ్వూ చూశావు. ఇవాళ రాసినాక వచ్చింది. సిరా ఆరలేదని తల పక్కకు తిప్పుకుని ఏడ్చాను.

గోదావరి